బొంగరం భుజంతో చెప్పిన మాట

"మిరియం! ఇటు రా!"

మిరియం రాలేదు. కనీసం తల కూడా తిప్పలేదు. కోళ్ల షెడ్డు గోడ పక్కన ఏదో వాసన చూసుకుంటూ, తోక నిటారుగా పెట్టుకుని, తన పనిలో తాను ఉంది.

"మిరియం! నిన్నే!"

గడబిడ అరిచిన అరుపుకు షెడ్డులో కోళ్లన్నీ ఒక్కసారిగా గోల పెట్టాయి. గుడ్ల గదిలోంచి అమ్మ గొంతు వినిపించింది.

"అలా గొంతు చించుకోకే! కోళ్లు బెదిరి పెట్టడం మానేస్తే రేపు గుడ్లు నువ్వు పెడతావా?"

గడబిడ నోరు మూసుకుంది. చేతిలో బిస్కెట్ చెమటకు మెత్తబడిపోతోంది.

ఆ అమ్మాయి అసలు పేరు బడిలో హాజరు పిలిచేటప్పుడు తప్ప ఇంకెక్కడా వినిపించదు. ఇంట్లో, బయట అందరికీ గడబిడే. నడవాల్సిన చోట పరిగెడుతుంది. అవతలివాళ్ల ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పేస్తుంది. కూర్చుని అన్నం తిన్న రోజు లేదు. అందుకే నానమ్మ ఆ పేరు పెట్టింది.

గడబిడ ఎదురుగా బొంగరం అప్పటికే కూర్చుని ఉంది. ఎవరూ చెప్పకుండానే ముందు కాలు ఎత్తి, బిస్కెట్ వంకే చూస్తోంది. ఇక ఉండలేక ఒక్క ఉదుటున లేచి మిరియం దగ్గరకు పరిగెత్తింది. తన భుజంతో మిరియం ఎడమ భుజాన్ని ఒక్క గుద్దు గుద్దింది.

అప్పుడు మిరియం తల ఎత్తింది. వెనక్కి తిరిగి గడబిడను చూసింది. చూడగానే, ఎన్నాళ్లకో చుట్టాలు వచ్చినట్టు, తోక ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"ఇప్పుడా వచ్చేది? పిలిచినప్పుడు రావాలి!" అంది గడబిడ. "నువ్వేమో ఊరికే వెళ్లి దాన్ని గుద్దకు! అన్నీ చెడగొడుతున్నావు!" అని బొంగరాన్ని కసిరింది.

రెండూ తోకలు ఊపాయి. తిట్టినా పొగిడినా వాటికి ఒకటే. బిస్కెట్ అందితే చాలు.

మిరియం, బొంగరం రెండూ టెర్రియర్ కుక్కలు. మనిషి మోకాలి ఎత్తు కూడా ఉండవు. కానీ తమ కంటే పెద్ద కుక్క లోకంలో లేదన్నట్టు నడుస్తాయి. మిరియం నల్లగా, గరుకు బొచ్చుతో ఉంటుంది. గడ్డం మాత్రం నెరిసింది. గడబిడ పుట్టిన ఏడాదే ఆ ఇంటికి వచ్చింది. బొంగరం చిన్నది. ఒళ్లంతా తెలుపు, ఒక చెవి మాత్రం గోధుమ రంగు. సంతోషం పట్టలేనప్పుడు తన తోకను తానే తరుముతూ గిర్రున తిరుగుతుంది.

గడబిడ వాళ్ల ఇల్లు పల్లెలో, పొలాల మధ్య ఉంటుంది. ఇంటి పక్కనే కోళ్ల షెడ్డు, దాని పక్కన దాణా గది. ఆ గదిలోకి ఎలుకలు రాకుండా చూడటం కుక్కల ఉద్యోగం. ఉద్యోగం అయ్యాక మిగిలిన సమయమంతా వాటి వృత్తి దొంగతనం.

ఆ దొంగతనం చూసి తీరాలి. నాన్న షెడ్డు శుభ్రం చేసి, చేతి తొడుగులు తీసి వెనక జేబులో పెట్టుకుంటాడు. వెంటనే బొంగరం ఆయన ముందుకొచ్చి వెల్లకిలా పడిపోతుంది. నాలుగు కాళ్లూ గాల్లో ఆడిస్తూ "నా పొట్ట నిమరవా" అన్నట్టు చూస్తుంది. నాన్న కరిగిపోయి వంగుతాడు. వంగగానే వెనక నుంచి మిరియం వచ్చి తొడుగు లాగేస్తుంది. అంతే, రెండూ మాయం. నాన్న ఒంటి చేతి తొడుగుతో వాకిట్లో నిలబడి "దొంగముండల్లారా!" అని నవ్వుతూ అరుస్తాడు. ఈ ఏడాదిలో ఆయన కొన్న తొడుగులన్నీ ఏ గుంతలో ఉన్నాయో వాటికే తెలియాలి.

ఒకప్పుడు మిరియం చెవులంటే చెవులే. ఇంటి లోపల బిస్కెట్ డబ్బా మూత కదిపితే చాలు, షెడ్డు అవతల నుంచి వచ్చి గుమ్మంలో నిలబడేది. బస్తాల వెనక ఎలుక గోరు గీసిన చప్పుడు మనకు వినపడకముందే దానికి తెలిసిపోయేది. బొంగరానికి ఎలుకను పట్టడం నేర్పింది మిరియమే. గుంత తవ్వడం నేర్పింది కూడా అదే. దొంగతనం సంగతి సరేసరి.

అలాంటి మిరియం ఈ మధ్య మాట వినడం మానేసింది. అదీ ఎప్పుడు? సరిగ్గా గడబిడకు అవసరమైనప్పుడు.

శనివారం బడిలో పెంపుడు జంతువుల పండగ. ఎవరి జంతువును వాళ్లు తీసుకురావచ్చు. గడబిడ బెంచీలో కూర్చునే అమ్మాయి మాట్లాడే చిలకను తెస్తోంది. "మా రెండు కుక్కలూ ఒకేసారి కూర్చుంటాయి, ఒకేసారి దొర్లుతాయి, ఒకేసారి షేక్‌హ్యాండ్ ఇస్తాయి" అని గడబిడ క్లాసంతా చెప్పేసింది. చెప్పాక సాధన మొదలుపెట్టింది. అదీ గడబిడ పద్ధతి.

ఆ సాయంత్రం ఆమె గుడ్ల గదిలోకి వెళ్లింది. కిటికీ మూసి, గది చీకటి చేసి, నానమ్మ ఒక చిన్న బల్బు ముందు గుడ్లను ఒక్కొక్కటే పట్టి చూస్తోంది. బల్బు వెలుగు గుడ్డులోంచి ఎర్రగా వస్తుంది. పెంకు మీద వెంట్రుకంత పగులు ఉన్నా అందులో కనిపిస్తుంది. నానమ్మ వేళ్లు గుడ్డును తిప్పే తీరు ఎన్నిసార్లు చూసినా గడబిడకు విసుగు రాదు.

"నానమ్మా, మిరియానికి పొగరెక్కింది. నా మాట దాని చెవికెక్కట్లేదు."

"పెద్దదైంది కదే. విసిగించకు."

"పెద్దదైతే మాట వినక్కర్లేదా? బొంగరం వెళ్లి గుద్దితే మాత్రం వస్తోంది. నేను పిలిస్తే రాదట!"

"నేనూ నిన్ను పదిసార్లు పిలిస్తే గానీ అన్నానికి రావు నువ్వు. నీ దగ్గరే నేర్చుకుందేమో" అంది నానమ్మ, గుడ్డును ట్రేలో పెడుతూ.

గడబిడ ఆ మాట వినిపించుకోలేదు. అప్పటికే ఒక ఆలోచన వచ్చేసింది. తప్పంతా బొంగరానిది. మధ్యలో దూరి గుద్దుతూ ఉంటే మిరియం మాట ఎలా నేర్చుకుంటుంది? రెండింటినీ విడదీయాలి.

మర్నాడు బడి నుంచి రాగానే సంచీ అరుగు మీద పడేసింది. బొంగరాన్ని ఎత్తుకుని దాణా గదిలో పెట్టి, బయట నుంచి గడియ వేసింది. బొంగరం మొదట తలుపు గీరింది. తర్వాత కుయ్యోమంది. తర్వాత అరవడం మొదలుపెట్టింది.

"కాసేపు నోర్మూసుకో! మిరియం వంతు ఇప్పుడు" అంది గడబిడ తలుపులోంచి.

మిరియం వాకిట్లో ఒంటరిగా నిలబడి ఉంది. అటు చూసింది, ఇటు చూసింది. బొంగరం కనబడలేదు. గోడకు ఆనుకుని నాలుగు అడుగులు వేసి ఆగింది. మళ్లీ వెనక్కి తిరిగి చూసింది. ఎప్పుడూ ఛాతీ విరుచుకుని నడిచే కుక్క, కొత్త చోటికి వచ్చినట్టు నడుస్తోంది. గడబిడ అది చూసింది. కానీ దాని గురించి ఆలోచించలేదు.

"మిరియం, రా! బిస్కెట్!"

మిరియం గేటు వైపు వెళ్లిపోయింది. గేటు నుంచి దాణా గది దాకా సిమెంటు దారి ఉంది. పగలంతా ఎండకు కాగిన సిమెంటు సాయంత్రం వెచ్చగా ఉంటుంది. మిరియం అక్కడ గుండ్రంగా చుట్టుకుని పడుకుంది.

గడబిడ వెనకాలే వెళ్లింది. పిలిచింది. చప్పట్లు కొట్టింది. చివరికి ఒళ్లు మండి కాలితో నేల మీద ధడాలున తన్నింది. మిరియం ఉలిక్కిపడి తల ఎత్తి చూసింది.

"చూశావా! అంటే కోపం వస్తేనే వింటావన్నమాట! ప్రేమగా పిలిస్తే నీకు లెక్కలేదు!"

మిరియం తోక ఒకసారి కొట్టి మళ్లీ పడుకుంది.

"సరే అయితే. నువ్వు శనివారం రావొద్దు. బొంగరం ఒక్కటే వస్తుంది. నువ్వు ఇక్కడే పడుకో!"

ఆ మాట అని గడబిడ విసురుగా వెళ్లి అరుగు మీద కూర్చుంది. మిరియం వైపు వీపు పెట్టి మరీ కూర్చుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. క్లాసంతా చెప్పుకున్న గొప్పలన్నీ గుర్తొచ్చాయి.

అప్పుడే దాణా లారీ వచ్చింది.

ఆ లారీ ఎప్పుడూ గేటులోంచి వెనక్కి వస్తుంది. వెనక భాగం దాణా గది గుమ్మానికి ఆనితే బస్తాలు దించడం తేలిక. వెనక్కి వచ్చేటప్పుడు కీ కీ కీ అని పెద్ద శబ్దం చేస్తుంది. ఆ శబ్దం వినపడగానే కుక్కలు రెండూ లేచి పక్కకు తప్పుకుంటాయి. ఎప్పుడూ చూసేదే కాబట్టి గడబిడ వెనక్కి తిరగలేదు.

దాణా గదిలో బొంగరం అరుపు మారింది. ఇందాకటిలా మారాం కాదు. గొంతు పగిలిపోయేలా, ఊపిరి తీసుకోకుండా అరుస్తోంది. తలుపు మీదికి ఎగిరి ఎగిరి పడుతోంది.

గడబిడ తల తిప్పింది.

లారీ సగం లోపలికి వచ్చేసింది. మిరియం అదే చోట ఒళ్లు తెలియకుండా నిద్రపోతోంది. చెవి కూడా కదపలేదు.

"మిరియం!"

గడబిడ కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టయింది. "మిరియం, లే! మిరియం!" అని అరిచింది. "ఆపండి! లారీ ఆపండి!" అని అరిచింది. ఇంజిను హోరులో ఆ అరుపులు ఎవరికి వినపడతాయి?

లారీ వచ్చిందని, బస్తాలు దించాలని, అమ్మ అప్పుడే వెళ్లి దాణా గది గడియ తీసింది.

తలుపు సందు పడిందో లేదో, బొంగరం అమ్మ కాళ్ల మధ్యలోంచి తెల్లటి బంతిలా దూసుకొచ్చింది. లారీ కిందికి, చక్రానికి ఎదురుగా పరిగెత్తింది. తన భుజంతో మిరియం ఎడమ భుజాన్ని గుద్దింది. ఈసారి మెల్లగా కాదు. ఉన్న బలమంతా పెట్టి గుద్దింది. రెండూ ఒకదాని మీద ఒకటి దొర్లుకుంటూ దారి పక్కన గడ్డిలో పడ్డాయి.

లారీ వెనక చక్రం మిరియం పడుకున్న చోటికి వచ్చి ఆగింది. డ్రైవరుకు అద్దంలో తెల్లటిది ఏదో కనిపించి బ్రేకు వేశాడు. దిగి పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైందమ్మా? తగిలిందా? దేనికైనా తగిలిందా?"

"లేదు లేదు. ఏమీ కాలేదు" అంది అమ్మ, రెండు కుక్కలనూ తడిమి చూస్తూ. తర్వాత లేచి నిలబడింది. "బొంగరాన్ని లోపల పెట్టి గడియ ఎవరు వేశారు?"

నాకు తెలీదు అనే మాట గడబిడ నాలుక చివరి దాకా వచ్చింది. గడ్డిలో బొంగరం మిరియం మొహమంతా నాకుతోంది. అది చూశాక ఆ మాట బయటికి రాలేదు.

"నేనే, అమ్మా" అంది. "మిరియానికి విడిగా నేర్పిద్దామని. అది నా మాట వినట్లేదని..."

చెబుతూ చెబుతూ ఆగింది. వినట్లేదు. తన నోటితో తాను అన్న మాట తనకే కొత్తగా వినిపించింది.

గడబిడ మెల్లగా నడుచుకుంటూ వెళ్లి మిరియం వెనక నిలబడింది. "మిరియం" అని పిలిచింది. బొంగరం చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి. మిరియం కదల్లేదు. గడబిడ దాణా కొలిచే రేకు డబ్బా తెచ్చి, మూతతో టంగుమని కొట్టింది. బొంగరం అటు తిరిగింది. మిరియం గడ్డి వాసన చూస్తోంది.

"అమ్మా" అంది గడబిడ ఏడుపు గొంతుతో. "ఇది మొండికేయట్లేదు. దీనికి వినపడట్లేదమ్మా."

అమ్మ గడబిడ పక్కన గడ్డిలో కూలబడింది.

"రోజూ అన్నం పెట్టేదాన్ని నేను" అంది. "నాకూ తెలియలేదు చూడు."

మర్నాడు నాన్న వ్యానులో అందరూ పశువుల ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరమ్మ మిరియాన్ని బల్ల మీద నిలబెట్టి, చెవుల్లో చిన్న లైటు వేసి చూసింది. దాని వెనక తాళాల గుత్తి ఆడించింది. గిన్నె మీద చెంచాతో కొట్టింది. చివరికి లైటు ఆపింది.

"పెద్దతనంతో వచ్చే చెవుడు. నొప్పేమీ లేదు. మందుతో తగ్గేదీ కాదు. ఇది ఒక్క రోజులో వచ్చింది కాదండీ. కొన్ని నెలలుగా మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చి ఉంటుంది. మీకు తేడా ఏమీ తెలియలేదా?"

"తెలియలేదండీ" అన్నాడు నాన్న తల వంచుకుని. "నా వ్యాను చప్పుడు వినపడగానే గేటు దగ్గరికి వచ్చేస్తుంది. అన్నం గిన్నె పెడితే వస్తుంది. నా తొడుగులు ఎత్తుకెళ్లడం కూడా మానలేదు."

"ఒక్కటే వస్తుందా?"

అందరూ కిందికి చూశారు. బల్ల కింద బొంగరం డాక్టరమ్మ సంచీ పట్టీని శ్రద్ధగా నములుతోంది.

"భుజంతో గుద్దుతుందండీ" అంది గడబిడ. "ఎప్పుడూ ఎడమ భుజమే. నేను పిలిస్తే, ఇది వెళ్లి గుద్దుతుంది. అప్పుడు మిరియం వస్తుంది. నేనేమో చెడగొడుతోందని..."

డాక్టరమ్మ వంగి, తన సంచీ పట్టీని బొంగరం నోట్లోంచి తీసుకుని, దాని గోధుమ రంగు చెవి వెనక గోకింది.

"ఇంతమందిని చూశాను గానీ, నీలాంటి నర్సుని చూడలేదే" అంది దానితో.

తర్వాత ఆమె గడబిడకు కొన్ని సంగతులు చెప్పింది. వెనక నుంచి వచ్చి ముట్టుకోకూడదు, ఉలిక్కిపడుతుంది. ఎదురుగా వెళ్లాలి. పడుకుని ఉంటే ముక్కు దగ్గర చెయ్యి పెట్టి, వాసన తగిలి లేచేదాకా ఆగాలి. దూరంగా ఉంటే నేల మీద కాలితో తడితే చాలు, ఆ అదురు దాని పాదాలకు తెలుస్తుంది. మాటలకు బదులు చేతులతో గుర్తులు నేర్పవచ్చు.

"అందుకేనా!" అంది గడబిడ. "నేను కోపంతో కాలు కొడితే చూసింది! కోపానికి భయపడిందనుకున్నాను."

"దానికి నీ కోపం వినపడలేదులే" అంది డాక్టరమ్మ నవ్వుతూ. "నీ పాదం మాత్రం తెలిసింది."

ఇంటికి వస్తుంటే వ్యానులో మిరియం గడబిడ ఒడిలో పడుకుంది. నానమ్మ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది.

"నేను కూడా ఒకటి ఇప్పుడే గుర్తు చేసుకుంటున్నానే. ఈ మధ్య బొంగరం ఒళ్లు మరిచి నిద్రపోగా చూశావా? నేను చూడలేదు. తల వాలుస్తుంది, ఎక్కడో చప్పుడవుతుంది, లేస్తుంది. ముసలిదాన్ని, నాకంటే తక్కువ నిద్రపోతోంది అది."

ఆ రోజు నుంచి గడబిడ పిలవడం ఆపేసి, చూడటం మొదలుపెట్టింది.

ఎంత చూసినా తరగడం లేదు. ఎడమ భుజం మీద గుద్దితే 'అటు చూడు' అని. గడ్డం కింద ముక్కుతో పొడిస్తే 'తిండి వచ్చింది' అని. తోక పక్కన మెల్లగా పంటితో పట్టుకుంటే 'లేచి పక్కకు రా' అని. ఎలుక వాసన తగిలితే గుద్దడం లేదు. బొంగరం మిరియానికి ఎదురుగా వెళ్లి, వాసన వచ్చే వైపు తిరిగి కదలకుండా నిలబడుతోంది. వాసన దగ్గర మాత్రం ఇప్పటికీ గురువు మిరియమే. అక్కడి నుంచి అది ముందుంటుంది, బొంగరం వెనకుంటుంది.

సాయంత్రం నాన్న వ్యాను వచ్చేటప్పుడు గడబిడ అరుగు మీద కూర్చుని కళ్లార్పకుండా చూసింది. దూరాన మలుపు దగ్గర వ్యాను చప్పుడు బొంగరానికి అందింది. నాన్నంటే బొంగరానికి ప్రాణం. కాళ్లు నిలవక గిర్రున ఒక చుట్టు తిరిగింది. అయినా గేటు వైపు పరిగెత్తలేదు. ముందు మిరియం దగ్గరకు వెళ్లింది. దాని ముక్కు నాకి లేపింది. మిరియం లేచి, ఒళ్లు విరుచుకుని, ఆవలించి, దులుపుకునేదాకా పక్కనే కాళ్లు మార్చి మార్చి వేస్తూ నిలబడింది. అప్పుడు రెండూ కలిసి పరిగెత్తాయి.

"నేనైతే ఆగను" అనుకుంది గడబిడ. "నాన్న వస్తుంటే నేను ఎవరి కోసమూ ఆగను."

ఆ ఆలోచన ఆమెను చాలాసేపు వదల్లేదు.

శనివారం బడి వేదిక మీద చిలక "నమస్తే" అంది, "పోరా" అంది. పిల్లలు పడీ పడీ నవ్వారు. తర్వాత టీచరు గడబిడను పిలిచింది. గడబిడ రెండు కుక్కలతో చెక్క వేదిక ఎక్కింది.

మిరియం ఒక మూల వాసన చూస్తోంది. గడబిడ దాన్ని మామూలుగా, గట్టిగా పిలిచింది.

"మిరియం, రా!"

మిరియం వెనక్కి తిరగలేదు. పిల్లలు కిసుక్కుమన్నారు. "ఒకేసారి దొర్లుతాయన్నావుగా!" అని వెనక బెంచీ నుంచి ఎవరో అరిచారు. "మొండి కుక్క!" అని ఇంకెవరో అన్నారు.

పోయిన వారం అయితే గడబిడ ఒంటికాలి మీద లేచేది. ఇప్పుడు మాత్రం వాళ్ల వైపు తిరిగి నిదానంగా చెప్పింది.

"నేనూ అలాగే అన్నాను. ఇది మొండిది కాదు. దీనికి వినపడదు. ఇంక బొంగరాన్ని చూడండి."

బొంగరం అప్పటికే బయలుదేరింది. మిరియం ఎడమ భుజం మీద ఒక గుద్దు. మిరియం తిరిగింది. గడబిడ రెండు చేతులూ చాచి, తన గుండె వైపు లాక్కుంది. అది 'రా' అనే గుర్తు. మిరియం పరిగెత్తుకొచ్చింది. అరచెయ్యి కిందికి దించితే కూర్చుంది. చెయ్యి గుండ్రంగా తిప్పితే బొంగరం దొర్లింది. మిరియం మాత్రం దొర్లలేదు. ఆ గుర్తు ఇంకా రాలేదు దానికి. గడబిడ దాన్ని తిట్టలేదు. వంగి గడ్డం కింద గోకింది.

హాలంతా చప్పట్లు కొట్టింది. ముందు వరసలో ఒకటో తరగతి పాప చెయ్యెత్తింది.

"అక్కా, మన చప్పట్లు దానికి వినపడవు కదా? మనం మెచ్చుకున్నట్టు దానికెలా తెలుస్తుంది?"

గడబిడ ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత తన కాలితో చెక్క వేదిక మీద తట్టింది. మిరియం చెవులు కదల్లేదు గానీ తల ఎత్తింది.

"ఇలా" అంది గడబిడ.

ఆ పాప లేచి తన చిన్న కాలితో నేల మీద తట్టింది. పక్క పాప తట్టింది. తర్వాత వరస, ఆ తర్వాత వరస. చివరికి టీచరు కూడా చెప్పులు విడిచి మరీ తట్టింది. హాలు మొత్తం దడదడలాడింది. ఆ అదురు వేదిక చెక్కల్లోంచి మిరియం పాదాలకు అందింది. మిరియం వేదిక అంచుకు వచ్చింది. ఛాతీ విరుచుకుని నిలబడి అందరినీ చూసింది. తోక ఆగకుండా ఊగింది. పక్కన బొంగరం సంతోషం పట్టలేక గిర్రున తిరిగి తిరిగి కింద పడింది.

బహుమతి చిలక్కి వచ్చింది. ఇంటికొచ్చాక నానమ్మ "ఎవరికొచ్చిందే?" అని అడిగితే గానీ గడబిడకు ఆ సంగతి గుర్తు రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం. కుక్కలు రెండూ అరుగు నీడలో పడుకున్నాయి. మిరియం గాఢ నిద్రలో ఉంది. బొంగరం తల వాల్చింది. దూరంగా సైకిలు గంట మోగింది. బొంగరం తల ఎత్తింది.

గడబిడ లెక్కల పుస్తకం పట్టుకొచ్చి మిరియం పక్కన నేల మీద కూర్చుంది.

రోడ్డు మీద ట్రాక్టరు చప్పుడైంది. బొంగరం మళ్లీ లేవబోయింది. గడబిడ దాని కళ్లలోకి చూసి, అరచెయ్యి చూపించింది. 'నేనున్నాను' అన్నట్టు తల ఊపింది. ట్రాక్టరు వెళ్లిపోయింది. బొంగరం అనుమానంగానే తల వాల్చింది.

గేటు తెరుచుకుంది. గుడ్ల ట్రేల కట్టలు మోసుకుంటూ ఒక మనిషి లోపలికి వస్తున్నాడు. ఆ కట్టలు అడ్డుండి ముందు ఏముందో ఆయనకు కనపడదు. బొంగరం కాళ్ల మీద లేచేసరికి గడబిడ అప్పటికే మిరియం ఎదురుగా మోకాళ్ల మీద ఉంది. చెయ్యి దాని ముక్కు దగ్గర పెట్టి ఆగింది. తొందరపెట్టలేదు. మిరియం ముక్కు కదిలింది. కళ్లు తెరిచింది. గడబిడను చూసి తోక కొట్టింది. గడబిడ చెయ్యి చూపించి దాన్ని గోడ వైపుకు తీసుకెళ్లింది. మనిషి ట్రేలతో దాటి వెళ్లిపోయాడు.

బొంగరం ఇదంతా చూస్తూ నిలబడింది. గడబిడను చూసింది. మిరియాన్ని చూసింది. మళ్లీ గడబిడను చూసింది.

తర్వాత గట్టిగా ఒక నిట్టూర్పు విడిచి, ఉన్నచోటే పక్కకు ఒరిగింది. కాసేపటికి వెల్లకిలా తిరిగింది. నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పోయాయి. నోరు తెరుచుకుంది. షెడ్డులో కోడి అరిచినా, వంటింట్లో పళ్లెం పడినా కదల్లేదు. గుర్రు పెట్టడం మొదలుపెట్టింది.

"ఏమే గడబిడా! ఒకసారి ఇటు రా!" అని అమ్మ లోపల నుంచి పిలిచింది.

గడబిడ కదల్లేదు. అమ్మ గుమ్మంలోకి వచ్చి చూసింది.

"పిలుస్తుంటే వినపడట్లేదా?"

"ష్..." అంది గడబిడ, పెదవుల మీద వేలు పెట్టుకుని. "వినపడిందమ్మా. కానీ ఇప్పుడు లేవలేను. బొంగరం నిద్రపోతోంది."